గ్యాలన్‌కి పావలా తేడా!

అమెరికాలో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లను కదిపితే చాలు, అక్కడి వింతలు ఒకటొకటిగా బయటికొస్తాయి. వాటిలో గ్యాస్ సంగతి తప్పకుండా ఉంటుంది. ‘గ్యాస్ కొట్టించుకొద్దాం, రండి నాన్నా’ అని అబ్బాయి పిలిస్తే, వంటింట్లో సిలిండర్ అయిపోయిందేమో అనుకుంటారు మొదట్లో. అక్కడ గ్యాస్ అంటే పెట్రోలని వారం తిరిగేసరికి అలవాటైపోతుంది. అలవాటు కానిది ఇంకొకటి. వీధి మలుపులోనే ఒక బంకు ఉంటుంది. సిగ్నల్ దగ్గర మరొకటి. రెండూ ఖాళీగానే కనిపిస్తాయి. ఆ రెంటినీ దాటేసి, నాలుగు మైళ్లు పోయి, కాస్ట్‌కో ఆవరణలో పదిహేను కార్ల వెనక కారు ఆపుతాడు అబ్బాయి.

‘అదేంట్రా, ఇంటి పక్కనే బంకుందిగా?’

‘ఇక్కడ గ్యాలన్‌కి పావలా తక్కువ నాన్నా.’

పావలా అంటే డాలరులో పావు, 25 సెంట్లు. గ్యాలన్ అంటే మన లెక్కలో దాదాపు 3.8 లీటర్లు. తేడా అన్నిచోట్లా ఇంతే ఉండదు. ఒకచోట పది సెంట్లయితే మరోచోట నలభై దాకా పోతుంది. ఏదేమైనా ఒకే ఊళ్లో, ఒకే రోడ్డు మీద, ఒకే రోజు పెట్రోలుకు రెండు మూడు ధరలుండటం మనవాళ్లకు మింగుడుపడదు. ఆ వెంటనే అనుమానాలు మొదలవుతాయి. చవగ్గా ఇచ్చేవాడు కల్తీ చేస్తున్నాడా? ఎక్కువ తీసుకునేవాడు దోచుకుంటున్నాడా?

రెండూ కాదు. కాకపోతే అసలు లెక్క వీటికంటే ఆసక్తిగా ఉంటుంది.

మన దగ్గర ఎందుకు లేదు?

మన దేశంలో ఈ ప్రశ్నే పెద్దగా రాదు. పెట్రోలు ధరల మీద ప్రభుత్వ నియంత్రణ 2010లో, డీజిలు మీద 2014లో తొలగించారు. 2017 జూన్ 16 నుంచి ధర రోజూ మారే పద్ధతి వచ్చింది. అయినా ప్రభుత్వ రంగ కంపెనీల బంకుల్లో ఆ ధరను ఖరారు చేసేది బంకు యజమాని కాదు, కంపెనీ. డీలరుకు దక్కేది లీటరుకు ఇంతని కమీషన్. డిపో నుంచి దూరాన్ని బట్టి ఒకే ఊళ్లో కొన్ని పైసలు అటూ ఇటూ అవుతాయంతే. రాష్ట్రం దాటితే వ్యాట్ తేడా వల్ల రూపాయలు మారతాయి. అందుకే సరిహద్దు ఊళ్లవాళ్లు అవతలి రాష్ట్రం బంకుల్లో ట్యాంకు నింపుకుంటారు. అంతకు మించి బేరాలకు అవకాశం లేదు.

అమెరికాలో అలా కాదు. బంకు ఎవరిదైతే ధర వాళ్లిష్టం. పొద్దున్న ఒకటి పెట్టి సాయంత్రానికి మార్చినా అడిగేవారు లేరు. మైలు దూరం నుంచే కనిపించేలా నిలువెత్తు స్తంభం మీద అంకెలు వెలుగుతుంటాయి. అది 3.19 అనుకుంటాం. పక్కనే చిన్న అక్షరాల్లో ‘తొమ్మిది బై పది’ అని ఉంటుంది. అంటే 3 డాలర్ల 19.9 సెంట్లు. మన బాటా చెప్పుల ధర గుర్తొస్తే తప్పు మీది కాదు!

పన్నుల వల్లే ఈ తేడా అనుకోవడానికీ లేదు. ఫెడరల్ పన్ను గ్యాలన్‌కి 18.4 సెంట్లు, 1993 నుంచి అదే. రాష్ట్రాల పన్ను మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. టెక్సాస్‌లో 20 సెంట్లే. కాలిఫోర్నియాలో 60 సెంట్లు దాటింది. అందుకే డల్లాస్‌లో ఉండే అన్న, శాన్‌హోసేలో ఉండే తమ్ముడు ఫోన్లో ధరలు చెప్పుకుంటే తమ్ముడికి ఒళ్లు మండుతుంది. కానీ ఒకే ఊళ్లో కాస్ట్‌కో అయినా, వీధి చివరి బంకైనా ఆ పన్నులు సమానం. ముడి చమురు ధరా సమానమే. మరి పావలా ఎక్కడిది?

గొట్టం ఒక్కటే

ముందు కల్తీ అనుమానం తీర్చుకుందాం. రిఫైనరీల నుంచి పెట్రోలు పైపులైన్లలో ప్రయాణిస్తుంది. హ్యూస్టన్ నుంచి న్యూజెర్సీ దాకా పోయే కలోనియల్ పైపులైనులో ఎన్నో కంపెనీల సరుకు ఒకదాని వెనక ఒకటి సాగుతుంది. ఒకే రకానికి చెందిన పెట్రోలైతే కలిసిపోతుంది కూడా. ఎవరు ఎంత పంపారో అంత అవతల తీసుకుంటారు తప్ప, ‘నా చుక్కలే నాకు కావాలి’ అని ఎవరూ పట్టుబట్టరు. రైతులు గోదాములో పోసిన ధాన్యం లాంటిదే.

ఊరి బయట టెర్మినళ్లుంటాయి. ట్యాంకర్లు అక్కడ నింపుకుంటాయి. ఇంజను శుభ్రంగా ఉండేందుకు కలిపే రసాయనాలు ఆ నింపేటప్పుడే చేరతాయి. షెల్ వాడి పెట్రోలుకీ, ఊరూపేరూ లేని బంకు పెట్రోలుకీ తేడా అంటూ ఉంటే ఎక్కువగా ఆ రసాయనాల్లోనే ఉంటుంది. ఈ విషయంలో ప్రభుత్వ కనీస ప్రమాణం సరిపోదని కార్ల కంపెనీలు కొన్ని కలిసి 2004లో ‘టాప్ టియర్’ అనే ప్రమాణాన్ని తెచ్చాయి. కాస్ట్‌కో అమ్మే పెట్రోలుకు ఆ ముద్ర ఉంది. కాబట్టి చవకది నాసిరకమన్న భయం అక్కర్లేదు.

లాభం ముందే తీసేసుకున్నాడు

ఇక ఈ కాస్ట్‌కో, శామ్స్ క్లబ్, బీజేస్ వంటివి మామూలు దుకాణాలు కావు. వీటిని వేర్‌హౌస్ క్లబ్బులంటారు. గోదామంత షెడ్డు, పేర్చిన అట్టపెట్టెలు, మనిషెత్తు బియ్యం బస్తాలు. సభ్యత్వం ఉంటేనే లోపలికి రానిస్తారు. ఈ పద్ధతికి ఆద్యుడు సోల్ ప్రైస్ అనే న్యాయవాది. 1976లో శాన్ డియాగోలో విమానాల షెడ్డులో ‘ప్రైస్ క్లబ్’ తెరిచాడు. ఇంటిపేరే ‘ప్రైస్’ కావడం విశేషం! 1983లో సియాటెల్‌లో కాస్ట్‌కో, అదే ఏడాది ఓక్లహామాలో వాల్‌మార్ట్ వాళ్ల శామ్స్ క్లబ్ మొదలయ్యాయి. ప్రైస్ క్లబ్, కాస్ట్‌కో 1993లో ఒకటైపోయాయి. కాస్ట్‌కో తొలి పెట్రోలు బంకు 1995లో అరిజోనాలోని టూసన్‌లో వచ్చింది. ఇప్పుడు అన్ని దేశాల్లో కలిపి ఏడు వందలు దాటాయి.

వీటి కిటుకంతా ఆ సభ్యత్వంలో ఉంది. కాస్ట్‌కోలో సాధారణ సభ్యత్వం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 65 డాలర్లు. పెద్ద సభ్యత్వం 130. శామ్స్ క్లబ్ 2022 అక్టోబరులో 50 డాలర్లు చేసింది. ఇది చూడటానికి చిన్న మొత్తమే. అందరివీ కలిపితే 2024 ఆర్థిక సంవత్సరంలో కాస్ట్‌కోకు ఒక్క సభ్యత్వ రుసుముల మీదే 480 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అదే ఏడాది కంపెనీ నిర్వహణ లాభం 930 కోట్ల డాలర్లకు కాస్త తక్కువ. అంటే లాభంలో సగానికి సమానమైన సొమ్ము, ఒక్క సరుకూ అమ్మకముందే గల్లాపెట్టెలో పడుతోందన్నమాట.

మరి అలాంటి వ్యాపారికి సరుకు మీద భారీ లాభం ఎందుకు? ఏ వస్తువు మీదా 14, 15 శాతానికి మించి వేయకూడదని కాస్ట్‌కో తనకు తానే గీత గీసుకుంది. పెట్రోలు మీదైతే అంతకంటే చాలా తక్కువే వేసుకుంటుంది. పెట్రోలు మీద సంపాదించడం దాని ఉద్దేశం కాదు. ఏడాది చివర ‘సభ్యత్వం కొనసాగిద్దామా, మానేద్దామా’ అని ఇంట్లో చర్చ వచ్చినప్పుడు, వారం వారం స్తంభం మీద కనిపించిన ఆ పావలా గుర్తుకు రావాలి. వస్తోంది కూడా. అమెరికా, కెనడాల్లో నూటికి 90 మందికి పైగా మళ్లీ డబ్బు కడుతున్నారు.

రెండో లాభం ఇంకా సూక్ష్మం. పెట్రోలుకని వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది దుకాణంలోకి వస్తారని కాస్ట్‌కో అధికారులే చెప్పిన సందర్భాలున్నాయి. ‘పాలు తెచ్చుకుందాం’ అని లోపలికెళ్లి, పాలతోపాటు ఒక టీవీ, రెండు దుప్పట్లు, అయిదు కిలోల జీడిపప్పు బండిలో వేసుకుని బయటికొచ్చే తెలుగు కుటుంబాలు ఎడిసన్‌లో కోకొల్లలు, ఫ్రిస్కోలో కోకొల్లలు. పెట్రోలు మీద మిగిలిన మూడు డాలర్లు అక్కడే పోతాయి. సొరకాయ ఉచితంగా ఇచ్చి పక్కనున్న మసాలా అమ్ముకున్నట్టే!

రోజుకెన్ని ట్యాంకర్లు?

ఎర ఒక్కటే కారణమైతే ఏ పెద్ద కంపెనీ అయినా ఈ పని చేసేది. దానికి తోడు అమ్మకం వేగం ఉంది. అమెరికాలో మామూలు బంకు రోజుకు అమ్మేది సగటున నాలుగు వేల గ్యాలన్లు. ఒక ట్యాంకరులో 8 నుంచి 9 వేల గ్యాలన్లు పడతాయి. అంటే రెండు రోజులకు ఒక ట్యాంకరు చాలు. రద్దీగా ఉండే వేర్‌హౌస్ క్లబ్బు బంకులో ఒక్క రోజే రెండు మూడు ట్యాంకర్లు దిగుతాయి.

ఉదాహరణకి మామూలు బంకుకు అద్దె, కరెంటు, జీతాలు, బీమా కలిపి రోజుకు 800 డాలర్లు ఖర్చనుకుందాం. నాలుగు వేల గ్యాలన్ల మీద పంచితే గ్యాలన్‌కి 20 సెంట్లు పడుతుంది. క్లబ్బు బంకుకు అంతకు రెట్టింపు, 1,600 డాలర్లు ఖర్చే అనుకున్నా, పాతిక వేల గ్యాలన్ల మీద పంచితే ఆరున్నర సెంట్లు దాటదు. పావలాలో సగానికి పైగా ఇక్కడే దొరికిపోయింది.

పైగా ఆ రెట్టింపు ఖర్చు కూడా నిజానికి ఉండదు. స్థలం దుకాణం పార్కింగులో ఓ మూల. లోపల కొట్టు లేదు, బాత్రూము లేదు, కాఫీ లేదు. పంపుల మధ్య తిరిగే ఒకరిద్దరు మనుషులు చాలు. కార్లన్నీ ఒకే దిశలో వస్తాయి. పైపు పొడుగు కాబట్టి కారు మూత ఎటువైపున్నా అందుతుంది. కస్టమరు త్వరగా వెళ్లిపోవడమే వాళ్లకు కావలసింది.

ధరలు మారేటప్పుడు కూడా ఈ వేగం పనికొస్తుంది. టోకు ధర హఠాత్తుగా పడిపోయిందనుకోండి. చిన్న బంకు ట్యాంకులో మొన్న ఎక్కువకు కొన్న సరుకు ఇంకా ఉంటుంది. తగ్గించి అమ్మితే చేతి నుంచి పోతుంది. క్లబ్బు వాడి ట్యాంకులో నిన్నటి సరుకే ఉండదు, కాబట్టి ఈ రోజే తగ్గించేస్తాడు. పెట్రోలు ధర రాకెట్‌లా ఎక్కి పక్షి ఈకలా దిగుతుందని ఆక్స్‌ఫర్డ్ ఆర్థికవేత్త రాబర్ట్ బేకన్ 1991లో ఒక పరిశోధన పత్రానికి పేరే పెట్టాడు. ఆయన చూసింది బ్రిటన్ ధరల్ని. ఆ ఉపమానం ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. ధరలు దిగే రోజుల్లోనే క్లబ్బుకూ, వీధి బంకుకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వీధి చివరి బంకు జమాఖర్చులు

స్తంభం మీద షెల్, ఎక్సాన్, షెవ్రాన్ అని రాసి ఉంటే అది ఆ కంపెనీ సొంత బంకు అనుకుంటారు చాలామంది. అమెరికాలో పెద్ద చమురు కంపెనీలు తామే నడిపే బంకులు నూటికి ఒకటి కూడా లేవు. మిగతావన్నీ ఎవరో ఒక వ్యాపారివి. వాటిలో సగానికి పైగా ఒకే ఒక్క కొట్టున్న యజమానులవి. ఆ యజమానుల్లో మన గుజరాతీలు, పంజాబీలు చాలామంది. ఈమధ్య కాలంలో తెలుగువాళ్లూ కొందరు చేరారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బు బంకులో పెట్టి, ‘ఎందుకు పెట్టాన్రా భగవంతుడా’ అనుకున్నవాళ్లూ లేకపోలేదు.

బ్రాండ్ బోర్డు పెట్టుకోవాలంటే ఆ కంపెనీతో ఏళ్ల తరబడి ఒప్పందం రాసుకోవాలి. సరుకు దాని దగ్గరే, అది చెప్పిన టోకు ధరకే కొనాలి. బోర్డులు, రంగులు, పంపులు అది కోరినట్టుండాలి. ఎదురుగా ఊరూపేరూ లేని సరుకు తక్కువకు దొరుకుతున్నా కన్నెత్తి చూడకూడదు. క్లబ్బులకా బంధనం లేదు. ఏ టెర్మినల్లో ఆ రోజు చవగ్గా ఉంటే అక్కడ, ట్యాంకర్లకు ట్యాంకర్లు బేరమాడి కొంటాయి.

తర్వాతిది కార్డు రుసుము. అక్కడ పెట్రోలుకు నగదిచ్చేవాళ్లు తక్కువ. కార్డు గీకిన ప్రతిసారీ అమ్మకం విలువలో రెండు మూడు శాతం బ్యాంకులకు పోతుంది. గ్యాలన్ 3.20 అయితే ఎనిమిది సెంట్ల దాకా. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ ధరలో ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను కూడా ఉంటుంది. ఆ పన్ను మీద కూడా కార్డు రుసుము యజమానే కట్టుకోవాలి. అందుకే కొన్ని బంకుల్లో నగదుకు ఒక ధర, కార్డుకు ఒక ధర అని రెండు అంకెలు పెడతారు. కాస్ట్‌కో దీనికి వేరే మార్గం కనిపెట్టింది. అమెరికాలోని తన దుకాణాల్లో క్రెడిట్ కార్డయితే వీసా ఒక్కటే చెల్లుతుందన్న ఒప్పందం 2016లో అమల్లోకి తెచ్చింది. అంతకుముందు అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌తో ఇలాంటిదే ఉండేది. ‘నా కోట్లాది కస్టమర్లు నీకొక్కడికే’ అంటే ఏ కార్డు కంపెనీ రుసుము తగ్గించదు? వీధి చివరి బంకు యజమాని వెళ్లి అలా అడిగితే ఫోను కూడా ఎత్తరు.

భూమిలో పాతిన ట్యాంకుల సంగతి ఒకటుంది. అవి తుప్పుపట్టి కారితే నేల, నీళ్లు పాడైపోతాయి. వాటికి రక్షణ ఏర్పాట్లు చేసుకోవాలని 1988లో ఫెడరల్ నిబంధనలు వచ్చాయి. పదేళ్ల గడువిచ్చారు. 1998 డిసెంబరు వచ్చేసరికి ఆ ఖర్చు భరించలేక మూతపడిన చిన్న బంకులు చాలా ఉన్నాయి. దేశం మొత్తం మీద 1994లో రెండు లక్షలకు పైగా ఉన్న పెట్రోలు విక్రయ కేంద్రాలు తర్వాత ఇరవై ఏళ్లలో లక్షన్నరకు దిగాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. ఖాతా పుస్తకంలో ఒకే వరుసలో, ‘రాత్రి జీతం’ అని కనిపించేది మరో ఎత్తు.

కాస్ట్‌కో బంకు చాలాచోట్ల ఉదయం 6 గంటలకు తెరిచి రాత్రి 10 గంటలకు మూసేస్తారు. అర్ధరాత్రి రెండు గంటలకు పిల్లాడికి జ్వరమొచ్చి ఆసుపత్రికి పరుగెత్తేవాడికి దొరికేది వీధి చివరి బంకే. దాని లోపల, కొన్నిచోట్ల మందపాటి గాజు వెనక, ఒక మనిషి ఒంటరిగా కూర్చుని ఉంటాడు. సిగరెట్లు, లాటరీ టికెట్లు, గల్లాపెట్టెలో నగదు, చుట్టూ చీకటి. దోపిడీకి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయడం చట్టవిరుద్ధం. అయినా ఫీజుల అప్పులు తీర్చాలనో, ఇంట్లో డబ్బు అడగలేకనో ఆ కుర్చీలో కూర్చున్న మన పిల్లలు ఉన్నారు. దుండగుల కాల్పులకు బలైన విద్యార్థుల వార్తలు మన పత్రికల్లో ఒకసారి కాదు, ఎన్నోసార్లు వచ్చాయి. ఏ ఖమ్మం నుంచో, ఏ గుంటూరు నుంచో వెళ్లిన పిల్లలు. వాళ్ల ఇళ్ల ముందు గుమిగూడిన జనాన్ని ఫొటోల్లో చూశాం.

చవగ్గా ఇవ్వగలిగే క్లబ్బుకు ఆ కుర్చీ లేదు. ఆ గంటల్లో అది తాళం వేసుకుంటుంది. పావలా లెక్కలో దీన్ని ఎన్ని సెంట్లుగా రాయాలో చెప్పడం కష్టం. కానీ అది ఉంది.

ఇంతా చేసి యజమానికి మిగిలేదెంత? కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఇటీవలి కాలంలో ముప్ఫై, నలభై సెంట్లు కనిపిస్తున్నా, ఖర్చులన్నీ పోను గ్యాలన్ మీద పది, పదిహేను సెంట్లు మిగిలితే గొప్ప. కాబట్టి పక్కన క్లబ్బు పావలా తగ్గించి పెడితే, దానికి సమానంగా అమ్మడమంటే చేతి డబ్బు పెట్టి అమ్మడమే.

చట్టం అడ్డుకుంటుందా?

ఈ గొడవ కొత్తది కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో 1939 నాటి చట్టం ఒకటుంది. పెద్ద దుకాణాలు నష్టానికి అమ్మి చిన్నవాళ్లను చంపేయకుండా తెచ్చింది. దాని ప్రకారం బంకులు పెట్రోలు టోకు ధర మీద కనీసం 9.18 శాతం వేసుకుని అమ్మాలి. గ్యాలన్ టోకు ధర 2.80 డాలర్లయితే 25 సెంట్లు పైనే. పక్కవాడు తగ్గించినప్పుడు దానికి సమానంగా తగ్గించుకునే వీలు మాత్రం ఉంది. అంటే మన పావలా అక్కడ చట్టంలోనే రాసి ఉందన్నమాట! చిన్న వ్యాపారులు ఇది తమ ప్రాణవాయువు అంటారు. వినియోగదారుల తరఫున మాట్లాడేవారు, ‘తక్కువకు ఇస్తానంటే వద్దనే చట్టం ఎక్కడైనా ఉందా’ అంటారు. రెండో మాటలో న్యాయం లేకపోలేదు. క్లబ్బు బంకు వచ్చిన ప్రాంతంలో చుట్టుపక్కల బంకులు కూడా కొంత దిగొస్తాయి. దానివల్ల సభ్యత్వం లేనివాడికీ నాలుగు సెంట్లు కలిసొస్తాయి.

మొదటి మాటలోని న్యాయం తెలియాలంటే ఫ్రాన్స్ చూడాలి. అక్కడ సూపర్ మార్కెట్లు ఎప్పుడో పెట్రోలు వ్యాపారంలోకి దిగి, సగానికి పైగా అమ్మకాలు లాగేసుకున్నాయి. 1980 ప్రాంతంలో నలభై వేలున్న బంకులు ఇప్పుడు పదకొండు వేల దరిదాపుల్లో ఉన్నాయి. పట్టణాల్లో ఎవరికీ ఇబ్బంది లేదు. పల్లెల్లో మాత్రం చవక పెట్రోలు కోసం దూరం పోవాలి, ఆ పోవడానికి పెట్రోలు కావాలి.

పోవాలా, వద్దా?

చివరికి ఇల్లు నడిపేవాళ్ల లెక్కలోకి వద్దాం. ఏడాదికి 12 వేల మైళ్లు తిరిగే కారు, గ్యాలన్‌కి 25 మైళ్లిస్తే, 480 గ్యాలన్లు తాగుతుంది. పావలా చొప్పున 120 డాలర్లు ఆదా. సభ్యత్వం 65 తీసేస్తే మిగిలేది 55. ఇంట్లో రెండు కార్లుంటే 175. పర్లేదు, బాగానే ఉంది. కానీ తేడా పావలా కాకుండా పది సెంట్లే అయితే ఒక్క కారు మీద వచ్చేది 48 డాలర్లే. సభ్యత్వం డబ్బు కూడా రాదు.

ఇప్పుడు దూరం సంగతి. విడతకు 12 గ్యాలన్లు నింపితే ఆదా మూడు డాలర్లు. దాని కోసమే నాలుగు మైళ్లు వెళ్లి నాలుగు మైళ్లు వస్తే డాలరు పెట్రోలు దారిలోనే ఖర్చవుతుంది. వరుసలో పావుగంట నిలబడితే, ఏడాదికి నలభైసార్లకు పది గంటలు. ఇంజను ఆపకుండా ఏసీ వేసుకుని నిలబడేవాళ్లు ఇంకాస్త కలుపుకోవాలి. ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే క్లబ్బు ఉన్నవాళ్లకు, ఎలాగూ వారం సరుకులు అక్కడే కొనేవాళ్లకు, పెద్ద బండ్లు ఉన్నవాళ్లకు ఇది నికరమైన లాభం. వారంలో ఒక్కసారి గుడికీ, గ్రోసరీకీ తప్ప కారు తీయని పెద్దవాళ్లకు దండగ. మధ్యలో ఉన్నవాళ్లు ఆదివారం సాయంత్రం మానేసి, పని రోజుల్లో పొద్దున్నే వెళ్తే కనీసం వరుస తప్పుతుంది. న్యూజెర్సీ వాళ్లకు ఒక సౌకర్యం అదనం. అక్కడ ఎవరి పెట్రోలు వాళ్లు కొట్టుకోవడం 1949 నుంచీ నిషేధం. క్లబ్బులోనైనా, వీధి బంకులోనైనా ఒక మనిషి వచ్చి కొట్టి వెళ్తాడు, అచ్చం మన ఊళ్లోలా.

క్లబ్బు ఎదురుగా బతకాల్సిన బంకు యజమానులు కూడా ఊరుకోలేదు. పెట్రోలు ధరతో పోటీ పడలేమని తెలిసినవాళ్లు కొట్టు మీద దృష్టి పెట్టారు. ఇలాంటి బంకుల్లో రాబడి ఎక్కువగా పంపు దగ్గర వచ్చినా, లాభం ఎక్కువగా వచ్చేది లోపలే. ఒక కప్పు కాఫీ మీద మిగిలేది, పది గ్యాలన్ల పెట్రోలు మీద కూడా మిగలకపోవచ్చు. అంటే వీళ్లకీ పెట్రోలు ఎరే, కాకపోతే చిన్న ఎర. కొందరు బ్రాండ్ ఒప్పందం ముగియగానే బోర్డు పీకేసి, చవక సరుకుకు మారారు. కొందరు నగదుకు పది సెంట్లు తగ్గించారు. హైవేల మీద పంజాబీల బంకుల్లో ట్రక్కు డ్రైవర్ల కోసం వేడి పరాఠాలు, పప్పు, చాయ్ వచ్చాయి. అక్కడ ఆగేవాళ్లు స్తంభం మీద అంకె చూసి ఆగడం లేదు.